రీస్టార్ట్ అయితేనే అప్‌డేట్ అయినట్టు

మొన్న సోమవారం సాయంత్రం ప్రింటర్ పనిచేయడం లేదని మా అకౌంట్స్ మేడమ్ పిలిస్తే వెళ్లాను. ప్రింటర్ సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయింది. లేవబోతుంటే ఆవిడ బ్రౌజర్ మీద కన్ను పడింది. పైన కుడి మూలలో ఎర్రటి గుర్తు. క్రోమ్‌లో ఆ రంగుకు ఒక లెక్క ఉంది. అప్‌డేట్ వచ్చి రెండు రోజులు దాటకపోతే ఆకుపచ్చ, నాలుగు రోజులైతే నారింజ, వారం దాటితే ఎరుపు.

"మేడమ్, ఇది అప్‌డేట్ చేయలేదా?" అన్నాను.

"దానంతట అదే అవుతుందని నువ్వే కదా బాబూ చెప్పావు. నేను దేన్నీ ఆపలేదు" అన్నారావిడ.

ఆవిడ మాట నిజం. ఈ ఆఫీసులో నలభై కంప్యూటర్ల బాగోగులు పన్నెండేళ్లుగా నేనే చూస్తున్నాను. కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ మొదటిరోజు చెప్పే నాలుగు మాటల్లో అదొకటి: "బ్రౌజర్ గురించి మీరు పట్టించుకోనక్కర్లేదు, అదే అప్‌డేట్ అయిపోతుంది." అబౌట్ పేజీ తెరిచి చూస్తే ఆవిడ వాడుతున్నది మూడు వారాల కిందటి వెర్షన్. కొత్తది ఎప్పుడో డౌన్‌లోడ్ అయిపోయి డిస్క్ మీద సిద్ధంగా ఉంది. ఆవిడ సాయంత్రం ల్యాప్‌టాప్ మూత మూసి వెళ్తారు, పొద్దున్నే వచ్చి మూత తెరుస్తారు. మధ్యలో బ్రౌజర్‌ని మూసిందే లేదు. అందులో యాభై మూడు ట్యాబ్‌లు తెరిచి ఉన్నాయి.

ఇంటికి వెళ్లాక కూడా అదే ఆలోచన. ఇన్నేళ్లుగా అందరికీ నేను చెబుతున్నది సగం మాటే. అప్‌డేట్ దానంతట అదే దిగుతుంది, నిజమే. అమల్లోకి రావడం మాత్రం దాని చేతిలో లేదు. బ్రౌజర్ మూసి తెరిస్తేనే, కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తేనే ఆ పని పూర్తవుతుంది. మిగిలిన సగం మాట ఇవాళ రాస్తున్నాను.

ప్రోగ్రామ్ తెరిచినప్పుడు దాని కోడ్ డిస్క్ మీద నుంచి మెమరీలోకి వస్తుంది. అక్కడి నుంచి నడిచేది మెమరీలో ఉన్న ఆ ప్రతే. డిస్క్ మీద ఫైలు మార్చినంత మాత్రాన నడుస్తున్న ప్రతి మారదు. విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మీద ఈ విషయం కళ్లతో చూడొచ్చు. అక్కడ వాడుకలో ఉన్న ఫైలును కూడా తీసేసి దాని స్థానంలో కొత్తది పెట్టనిస్తారు. పాత ఫైలు పేరు డైరెక్టరీలోంచి పోతుంది గానీ, దాన్ని పట్టుకున్న ప్రోగ్రామ్ వదిలేదాకా ఆ ఫైలు డిస్క్ మీద బతికే ఉంటుంది. మా ఫైల్ సర్వర్ మీద ఒకసారి ఎల్‌ఎస్‌ఓఎఫ్ అనే కమాండ్ ఇచ్చి చూశాను. తెరిచి ఉన్న ఫైళ్ల జాబితాలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ (వేర్వేరు ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్ ఫైలు) పక్కన, అది తీసేసిన ఫైలన్న గుర్తు ఉంది. అంటే రెండు వారాల ముందే నేను సరిచేశాననుకున్న లైబ్రరీ పాత ప్రతితోనే ఆ సర్వీసు నడుస్తోంది. ప్రోగ్రామ్‌లను ఇన్‌స్టాల్ చేసి లెక్క ఉంచే ప్యాకేజీ మేనేజర్‌ని అడిగితే కొత్త వెర్షన్ ఉందనే చెప్పింది. అది అబద్ధమేమీ చెప్పలేదు, డిస్క్ మీద ఉన్నది కొత్తదే మరి.

ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ సంగతీ అంతే. లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే ఇన్‌స్టాల్ అయ్యే ఏర్పాటు మొదటినుంచే ఆన్‌లో ఉంటుంది. కానీ దానంతట అదే రీబూట్ చేసుకునే సెట్టింగ్ మాత్రం ఆఫ్‌లో ఉంటుంది. వేళగాని వేళలో సర్వర్ ఆగిపోతే జరిగే నష్టం వేరు కాబట్టి అది సబబే. కాకపోతే మనం కూడా రీబూట్ చేయకపోతే కొత్త కెర్నెళ్లు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి, నడిచేది మాత్రం అన్నిటికన్నా పాతది. అదే సర్వర్‌లో మూడు కెర్నెళ్లు ఇన్‌స్టాల్ అయి ఉన్నాయి. నడుస్తున్న కెర్నెల్ ఏదో చెప్పే యూనేమ్ కమాండ్ చూపించింది వాటిలో మొదటిదాన్ని. ఆగకుండా 143 రోజులుగా నడుస్తున్న మెషీన్ అది. అంతకుముందు ఆ అంకె చూస్తే నాకు గర్వంగా ఉండేది. ఆ రోజు చూస్తే భయం వేసింది.

విండోస్ పద్ధతి వేరు. వాడుకలో ఉన్న సిస్టమ్ ఫైలును అది మార్చనివ్వదు. అందుకే మారాల్సిన ఫైళ్ల జాబితా రాసి పెట్టుకుని, రీస్టార్ట్ అయ్యేటప్పుడు, ఇంకా ఎవరూ వాటిని పట్టుకోకముందే మార్చేస్తుంది. నీలి తెర మీద గుండ్రంగా తిరిగే చుక్కల వెనక జరిగేది చాలావరకు ఇదే. దాన్ని చూసి విసుక్కునేవాళ్లకు ఈ సంగతి చెబితే కొంచెం ఓపిక పడతారు.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. చాలామందికి తెలియదు కాబట్టి వివరంగా చెబుతాను. మా దగ్గర డిజైన్ పని చేసే తమ్ముడొకడు క్రమం తప్పకుండా రోజూ షట్‌డౌన్ చేసే వెళ్తాడు. అయినా అతని కంప్యూటర్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్ కింద సీపీయూ దగ్గర అప్‌టైమ్ చూస్తే పంతొమ్మిది రోజులని ఉంది. "అన్నా, నిన్న కూడా షట్‌డౌన్ చేశాను, కావాలంటే ఎవర్నైనా అడుగు" అన్నాడు. చేశాడు, నాకు తెలుసు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. షట్‌డౌన్ నొక్కితే మన ప్రోగ్రామ్‌లన్నీ మూసేసి, కెర్నెల్‌ని మాత్రం ఉన్నదున్నట్టు డిస్క్ మీద భద్రపరుస్తుంది. మర్నాడు దాన్నే మళ్లీ మెమరీలోకి తెచ్చుకుంటుంది. త్వరగా తెరుచుకోవడానికి చేసిన ఏర్పాటు అది. పూర్తిగా కొత్తగా మొదలవ్వాలంటే 'రీస్టార్ట్' నొక్కాలి. షట్‌డౌన్ కన్నా రీస్టార్ట్‌తోనే ఎక్కువ శుభ్రపడుతుందంటే వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ, ఉన్నది అదే.

సరే, మూడు వారాలు ఆలస్యమైతే కొంపలేం మునుగుతాయి? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. జవాబుగా 2023 సెప్టెంబరు సంగతి చెబుతుంటాను.

వెబ్‌పీ అని ఒక బొమ్మల ఫార్మాట్ ఉంది. ఆ బొమ్మను విప్పి చూపించే లైబ్రరీ పేరు లిబ్‌వెబ్‌పీ. నాణ్యత తగ్గకుండా కుదించిన వెబ్‌పీ బొమ్మలో హఫ్‌మన్ కోడింగ్ వాడతారు: తరచుగా వచ్చే విలువలకు పొట్టి కోడ్, అరుదుగా వచ్చేవాటికి పొడుగు కోడ్. ఏ విలువకు ఎంత పొడుగు కోడ్ అన్నది ఆ బొమ్మ ఫైలులోనే రాసి ఉంటుంది. దాన్ని చదివి లైబ్రరీ ఒక పట్టిక కట్టుకోవాలి. ఆ పట్టిక ఎంత పెద్దది కావచ్చో ముందే లెక్కగట్టి, అంత చోటు మాత్రమే కేటాయించారు. పద్ధతిగా తయారైన బొమ్మలన్నిటికీ ఆ చోటు సరిపోతుంది. కానీ కావాలని తప్పుడు పొడవులు రాసిన బొమ్మ వస్తే? ఆ పొడవులు సరైనవో కావో పూర్తిగా తేల్చుకోకముందే లైబ్రరీ పట్టిక నింపడం మొదలుపెట్టేది. నింపుకుంటూ కేటాయించిన హద్దు దాటి పక్క మెమరీలోకి రాసేసేది. తనది కాని మెమరీలో బయటివాళ్లు పంపిన విలువలు రాయించగలిగితే, అక్కడి నుంచి ప్రోగ్రామ్‌ని తమకు కావలసిన దారి పట్టించడం ఎలాగో తెలిసినవాళ్లు ఉన్నారు. దిద్దుబాటు చూస్తే పెద్దదేమీ కాదు. ముందు పొడవులన్నీ సరిచూసి, పట్టికకు ఎంత చోటు కావాలో లెక్కవేసి, తర్వాతే రాయడం.

దీన్ని ఆపిల్ భద్రతా విభాగం, టొరంటో యూనివర్సిటీలోని సిటిజన్ ల్యాబ్ కలిసి గూగుల్‌కి చెప్పాయి. సెప్టెంబరు 11న క్రోమ్ అప్‌డేట్ ఇచ్చింది, మర్నాడు ఫైర్‌ఫాక్స్ 117.0.1 వచ్చింది. లోపాలను గుర్తుపట్టడానికి ఇచ్చే నంబర్లలో దీనిది సీవీఈ-2023-4863. అప్పటికే దీన్ని నిజంగా వాడుతున్నవాళ్లున్నారని గూగుల్ ప్రకటనలోనే రాసింది.

ఈ కథలో నాకు నిద్ర లేకుండా చేసిన భాగం ఇంకోటుంది. మొదట్లో ఇది క్రోమ్ లోపమన్నట్టే నమోదైంది. మా ఆఫీసులో బ్రౌజర్లన్నీ రీలాంచ్ చేయించి హమ్మయ్య అనుకున్నాను. రెండు వారాలు గడిచాక గానీ లోపం లైబ్రరీదని, ఆ లైబ్రరీ వాడే ప్రతి ప్రోగ్రామ్‌కీ ఇది వర్తిస్తుందని స్పష్టంగా బయటకు రాలేదు. ఎలక్ట్రాన్ అనే ఏర్పాటు మీద కట్టిన ప్రోగ్రామ్‌లు మీ కంప్యూటర్‌లోనూ ఉండే ఉంటాయి: చాట్ యాప్‌లు, కోడ్ ఎడిటర్లు, నోట్స్ రాసుకునేవి. చూడ్డానికి మామూలు ప్రోగ్రామ్‌లే గానీ, ఒక్కొక్కదాని కడుపులో ఒక్కో క్రోమియం, అంటే క్రోమ్‌కి పునాది అయిన బ్రౌజర్, ఉంటుంది. క్రోమ్‌ని అప్‌డేట్ చేస్తే వాటిలోది మారదు. ఎవరిది వాళ్లే అప్‌డేట్ చేయాలి, మనం మళ్లీ దాన్ని మూసి తెరవాలి. ఆ వారమంతా ఒక్కో కంప్యూటర్ దగ్గర కూర్చుని ఏ ప్రోగ్రామ్ దేని మీద నడుస్తోందో కాగితం మీద రాసుకున్నాను. బ్రౌజర్లు కాకుండా పదకొండు రకాలు తేలాయి. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది, ఏటా రెండుసార్లు సరిచూస్తాను.

ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డి కూడా క్రోమియం మీద కట్టినవే కాబట్టి వాటి అప్‌డేట్లు వేటికవే రావాలి. "నేను క్రోమ్ వాడనుగా" అన్నది జవాబు కాదు.

దిద్దుబాటు బయటికి వచ్చిన రోజునుంచే అసలు ప్రమాదం పెరుగుతుందన్న సంగతి చాలామందికి నమ్మశక్యంగా ఉండదు. ఆలోచిస్తే అర్థమవుతుంది. లోపం ఎక్కడుందో అప్పటిదాకా ఏ కొద్దిమందికో తెలుసు, లేదా ఎవరికీ తెలియదు. దిద్దుబాటు రాగానే పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి ఏ ఫంక్షన్ మారిందో పోల్చి చూడొచ్చు. కొత్తగా ఒక హద్దు పరీక్ష కనిపించిందంటే, పాతదాంట్లో ఆ పరీక్ష లేదని చెప్పకనే చెప్పినట్టు. గోడకు ఎక్కడ పూత వేశారో చూస్తే పగులు ఎక్కడుందో తెలిసిపోతుంది కదా. మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబరు నుంచి నెలలో రెండో మంగళవారం అప్‌డేట్లు విడుదల చేస్తోంది. దాన్ని ప్యాచ్ ట్యూస్‌డే అంటారు. మర్నాటికి మా రంగంలో ఇంకో పేరుంది: ఎక్స్‌ప్లాయిట్ వెడ్నెస్‌డే, అంటే లోపాలను వాడుకునే బుధవారం.

బ్రౌజర్ల విషయంలో ఇది ఇంకా తీవ్రం. క్రోమియం సోర్స్ కోడ్ అందరికీ కనిపిస్తుంది. అంటే దిద్దుబాటు మన చేతికి రాకముందే కోడ్‌లో కనిపిస్తుంది. ఒకప్పుడు ఈ ఎడం సుమారు 35 రోజులుండేదని, తర్వాత 15 రోజులకు తగ్గించామని గూగులే చెప్పింది. 2023 ఆగస్టులో క్రోమ్ 116 నుంచి వారం వారం సెక్యూరిటీ అప్‌డేట్లు ఇవ్వడం మొదలుపెట్టింది ఆ ఎడాన్ని ఇంకా తగ్గించడానికే. వాళ్ల ప్రకటనల్లో మరో మాట కూడా కనిపిస్తుంటుంది: ఎక్కువమంది అప్‌డేట్ అయ్యేదాకా లోపం వివరాలు బయటపెట్టకుండా ఉంచవచ్చని. అవతలివాళ్లు రోజులు లెక్కపెట్టుకుని పనిచేస్తుంటే, ఆ అప్‌డేట్‌ని మనం మూడు వారాలు మూత కింద పెట్టి ఉంచుతున్నాం.

2024 మార్చిలో వాంకూవర్‌లో, సాఫ్ట్‌వేర్‌ని ఛేదించి చూపించే పోన్‌టుఓన్ పోటీలో మాన్‌ఫ్రెడ్ పాల్ అనే పరిశోధకుడు రెండు లోపాలను జోడించి ఫైర్‌ఫాక్స్‌ని ఛేదించి చూపించాడు. ఒక రోజు తిరిగేసరికి ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా 124.0.1 విడుదల చేసింది. ఆ వార్త చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. ఎక్కడో కొందరు ఇంజనీర్లు రాత్రంతా కూర్చుని ఉంటారు. వాళ్ల పని మన దగ్గరకు చేరాలంటే మనం చేయాల్సింది ఒక్క క్లిక్కు.

ఇప్పుడు నా సొంత అనుభవం. ఇది రాయడం కష్టంగానే ఉంది.

2016 చివర్లో ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత మా స్కానర్ పనిచేయడం మానేసింది. స్కానర్ తయారీదారు కొత్త డ్రైవర్ ఇస్తామన్నారు, ఎప్పుడో చెప్పలేదు. రోజూ వందల కాగితాలు స్కాన్ చేయాల్సిన సీటు అది. ఆ అప్‌డేట్ తీసేసి, మళ్లీ రాకుండా ఆ ఒక్క కంప్యూటర్‌లో అప్‌డేట్లు మొత్తం ఆపేశాను. "ఒక వారం" అనుకున్నాను. ఎక్కడా రాసుకోలేదు.

2017 మే 12 శుక్రవారం, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వచ్చింది. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే ఎస్‌ఎంబీ అనే ఏర్పాటులోని లోపాన్ని పట్టుకుని, ఎవరూ ఏమీ నొక్కకుండానే ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి పాకింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు. ఇంగ్లండ్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ దిద్దుబాటు ఎంఎస్17-010 పేరుతో మార్చి 14నే ఇచ్చింది. మధ్యలో 59 రోజులు. మర్నాడు శనివారం పొద్దున్నే ఆఫీసుకి వెళ్లి ఒక్కో కంప్యూటర్ చూసుకుంటూ వచ్చాను. అన్నిటిలోనూ మార్చి అప్‌డేట్ ఉంది. ఆ స్కానర్ సీటు దగ్గరకు వచ్చేసరికి చేతులు చల్లబడ్డాయి. అప్‌డేట్ హిస్టరీలో చివరి తేదీ నవంబరు. ఆర్నెల్లు. నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, దాని ముందు కుర్చీలో కాసేపు అలాగే కూర్చున్నాను.

దానికి ఏమీ కాలేదు. ఎస్‌ఎంబీ వాడే 445 పోర్టు అనే దారి బయటి నుంచి మా రూటర్ దగ్గరే మూసి ఉండడం వల్ల, లోపల ఇంకే కంప్యూటర్‌కూ అంటుకోకపోవడం వల్ల అది బతికింది. ఎవరైనా వేరేచోట అంటించుకున్న ల్యాప్‌టాప్ తెచ్చి మా నెట్‌వర్క్‌కి తగిలించి ఉంటే, ఆరేళ్ల స్కాన్‌లు పోయేవి. జూన్ 27న నాట్‌పెట్యా అనే ఇంకో దాడి వచ్చింది, అదీ ఇదే లోపాన్ని వాడుకుంది. మే గడిచాక కూడా సరిచేసుకోనివాళ్లు చాలామంది మిగిలే ఉన్నారన్నమాట.

ఆ శనివారం నుంచి మా దగ్గర ఒక నియమం. ఏ అప్‌డేట్ ఆపినా, ఆపిన తేదీ, మళ్లీ చూడాల్సిన తేదీ, కారణం రాసి ఆ కంప్యూటర్‌కే అతికిస్తాను. తేదీ వేయకుండా ఆపినదేదీ మళ్లీ మొదలవదు. నా అనుభవంలో ఒక్కటి కూడా మొదలవలేదు.

అప్‌డేట్లు పనులు చెడగొడతాయన్నది అబద్ధం కాదు. నా స్కానరే సాక్ష్యం. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఒక ఫైలు వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలి నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. అది విండోస్ అప్‌డేట్ కాదు, భద్రతా సాఫ్ట్‌వేర్ తన కోసం తెచ్చుకున్న ఫైలు. అయినా ఆ రోజునుంచి "చూశావా, అందుకే నేను అప్‌డేట్ చేయను" అనేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్ల భయాన్ని కొట్టిపారేయను. కాకపోతే అన్ని అప్‌డేట్లనూ ఒకే గాటన కట్టకూడదంటాను. బ్రౌజర్ విషయంలో నేను ఒక్కరోజు కూడా ఆగను. ఎవరు తయారుచేశారో తెలియని కోడ్‌ని రోజంతా తెచ్చుకుని నడిపే ప్రోగ్రామ్ అది. పైగా ఏదైనా చెడినా ఇంకో బ్రౌజర్‌తో పని జరుగుతుంది. విండోస్ నెలవారీ అప్‌డేట్లను ముందు నా కంప్యూటర్‌లోనూ, వేర్వేరు పనులు చేసే ఇంకో రెండిటిలోనూ వేసి, రెండు రోజులు చూసి మిగతావాటికి వదులుతాను. కొత్త హంగులతో వచ్చే పెద్ద వెర్షన్ల కోసం తొందరపడను. డ్రైవర్లయితే అవసరం పడితేనే.

ఆ రెండు రోజులు కూడా ఆగని సందర్భం ఒకటుంది. ప్రకటనలో "ఈ లోపాన్ని ఇప్పటికే వాడుతున్నారు" అన్న అర్థంలో ఒక్క వాక్యం కనిపిస్తే చాలు. పదికి తొమ్మిదిన్నర తీవ్రత ఉన్నా ఎవరూ వాడనిదానికన్నా, ఏడున్నర ఉండి వాడుకలో ఉన్నది నాకు ముందు. అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీఐఎస్‌ఏ 2021 నవంబరు నుంచి అలా వాడుకలో ఉన్న లోపాల జాబితా ఒకటి నిర్వహిస్తోంది. రోజూ పొద్దున కంప్యూటర్ తెరవగానే నేను చూసే మొదటి పేజీ అదే.

అసలు ఇన్ని లోపాలు ఎందుకు వస్తున్నాయి, తయారుచేసేవాళ్లకు పని రాదా అని మేడమ్ కూడా అడిగారు. పని రాక కాదు. క్రోమియం ఇంజనీర్లు 2020లో తమ తీవ్రమైన లోపాలను లెక్క తీస్తే సుమారు 70 శాతం మెమరీకి సంబంధించినవే. వాటిలో సగం దాకా ఒకే రకం: ఖాళీ చేసిన గదిని ఇంకా తనదే అనుకుని పాత తాళంచెవితో లోపలికి వెళ్లడం. ఈలోగా ఆ గదిలోకి ఇంకెవరో దిగి ఉంటారు, వాళ్లు పెట్టినదాన్ని తనదనుకుని వాడేస్తుంది ప్రోగ్రామ్. సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో ఈ జాగ్రత్త రాసేవాళ్లే పడాలి. కోట్ల లైన్లలో ఎక్కడో ఒకచోట తప్పిపోతుంది. రస్ట్ లాంటి భాషల్లో ఆ తప్పును, రాసిన కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలరే పట్టుకుంటుంది, కొన్ని భాగాలు అందులోకి మారుతున్నాయి. అదంతా తేలడానికి ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా మన ఆధారం ఈ వారం వారం అప్‌డేట్లే.

రెండు విషయాలు ఇక్కడే చెప్పేస్తాను. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పొడిగించిన అప్‌డేట్లకు నమోదు చేసుకోకపోతే అందులో కొత్త లోపాలకు దిద్దుబాటు రాదు. పైన బ్రౌజర్ కొత్తదైనా కింద నేల పాతదే. కొంతకాలానికి బ్రౌజర్ కూడా రావడం మానేస్తుంది, విండోస్ 7కి క్రోమ్ 109తో ఆగిపోయినట్టు. రెండోది, ఏదైనా వెబ్ పేజీ "మీ బ్రౌజర్ పాతబడింది, ఇక్కడ నొక్కి అప్‌డేట్ చేసుకోండి" అంటే నొక్కకండి. బ్రౌజర్ అప్‌డేట్ ఎప్పుడూ పేజీ లోపల కనిపించదు. పేజీకి బయట, బ్రౌజర్ సొంత మెనూలో, అబౌట్ పేజీలో కనిపిస్తుంది. లైనక్స్‌లో ఫైర్‌ఫాక్స్ మాత్రం నడుస్తుండగా కింద ప్యాకేజీ మారిపోతే, కొత్త ట్యాబ్‌లో "ముందు రీస్టార్ట్ చేయండి" అని ఆపేస్తుంది. అది కూడా ఏదీ డౌన్‌లోడ్ చేసుకోమనదు, రీస్టార్ట్ మాత్రమే అడుగుతుంది. తేడా అక్కడే తెలుస్తుంది.

సోమవారం సాయంత్రానికి వస్తే, "ఇప్పుడు రీలాంచ్ చేద్దామా మేడమ్" అంటే ఆవిడ ముఖంలో కంగారు. ఆరో ట్యాబ్‌లో సగం నింపిన ఫారం ఉంది. మిగతా యాభై రెండు ట్యాబ్‌లు పోతాయేమోనన్న బెంగ వేరే. రీస్టార్ట్ వాయిదా వేసే చాలామందికి ఉన్నది బద్ధకం కాదు, ఈ బెంగే. నేనూ తొందరపెట్టలేదు. ఫారం పూర్తి చేసి పంపేదాకా పక్క కుర్చీలో కూర్చున్నాను. సెట్టింగ్స్‌లో స్టార్టప్ కింద, ఆపిన చోటినుంచి మొదలుపెట్టే ఎంపిక ఆన్ చేసి చూపించాను. రీలాంచ్ నొక్కారు. తెర ఒక్క క్షణం ఖాళీ అయింది, ఆవిడ ఊపిరి బిగబట్టడం వినిపించింది. ట్యాబ్‌లన్నీ వరసగా తిరిగొచ్చాయి. రెండింటిలో మాత్రం మళ్లీ లాగిన్ అడిగింది.

"ఇంతేనా?" అన్నారు.

"ఇంతే. వారానికోసారి."

ఆవిడ చిన్న పసుపు కాగితం తీసి 'బుధవారం, మూసి తెరవాలి' అని రాసి ల్యాప్‌టాప్ మూత లోపలి అంచుకి అతికించారు. ఇవాళ బుధవారం. మధ్యాహ్నం అటుగా వెళ్తూ చూశాను. మూలలో ఏ రంగూ లేదు. ట్యాబ్‌లు యాభై అయిదు.